దిక్కులేని కుక్కను ఇంటికి దెచ్చుకొనుటకు ముందు

చిరాగ్‌పల్లి వంటి రహదారి గ్రామములలో కుక్కకు ఊరెల్ల యజమానియే. ఒక యింట జొన్నరొట్టె తిని వేరొక యింటి అరుగుపై పండుకొనును. దిక్కులేని కుక్కలకు శరణాలయమను తలంపు నగరములలో బుట్టినది. 1860లో లండనున మేరీ టీల్బీ అను వనిత అట్టిదానిని స్థాపింపగా పత్రికలు గేలిచేసినవి. మన హైదరాబాదున అక్కినేని అమలగారు 1992లో బ్లూక్రాసును నెలకొల్పిరి. పట్టుబడిన వీధికుక్కను చంపుటయే పెక్కు పట్టణముల పద్ధతిగా నుండెను; సంతానము గలుగకుండ శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టినచోటనే విడువవలెనని 2001 నాటి కేంద్ర నియమములు విధించినవి. అట్లు విడువరాని కుంటివియు, తల్లిలేని పిల్లలును శరణాలయమున మిగులును. వానిని గోరువారు అడుగవలసినది టీకాపత్రము, జాతి గాదు. వల జూచిన జంతువు చాచిన చేతికి బెదరును. కావున ముందుగనే ఒక మూల గోనెపట్టాయు నీళ్లముంతయు నమర్చి, పిల్లలను కొన్నినాళ్లు దూరముగ నుండుమనుడు.