లారీ సొంతం, కిరాయి పరాధీనం

దేశంలో సరకు రవాణాలో సింహభాగం నేడు రోడ్ల మీదే సాగుతోంది. ఆ సరకు మోసే లారీలలో ఎక్కువ భాగం పెద్ద కంపెనీలవి కావు; ఐదు బండ్లకు మించని చిన్న యజమానులవి. వారిలో చాలామంది తమ బండిని తామే నడుపుకొనేవారు. చట్టం దృష్టిలో ఇటువంటి డ్రైవరు కార్మికుడు కాడు, యజమాని. కాబట్టి కనీస వేతనం, పని గంటల రక్షణ అతనికి అందవు. యజమానే అయినా, తన కిరాయి తాను నిర్ణయించుకొనే శక్తి అతనికి లేదు. ఈ రెంటికీ చెడ్డ రేవడి స్థితి దానంతటది వచ్చింది కాదు. దాని వెనుక ఎనభై ఏళ్లకు పైబడిన విధానాల చరిత్ర ఉంది.

1930ల నాటికే మోటారు వాహనాలు రైల్వేల ఆదాయానికి గండి కొట్టసాగాయి. రైల్వేల మీద భారీగా పెట్టుబడి పెట్టిన వలస ప్రభుత్వం ఈ పోటీని అదుపు చేయదలచింది. ఆ ఆలోచన నుంచి వచ్చినదే 1939 మోటారు వాహనాల చట్టం. సరకు లారీకి పర్మిట్ తప్పనిసరి అయింది. ఎవరికి ఇవ్వాలో, ఏ ప్రాంతానికి ఇవ్వాలో రవాణా అధికారులు నిర్ణయించేవారు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఇదే చట్టం నాలుగు దశాబ్దాలకు పైగా నడిచింది. లారీ కన్నా పర్మిట్టే విలువైన ఆస్తిగా మారింది. అది చేతిలో ఉన్నవాడికి కోట, లేనివాడికి అడ్డుగోడ.

ఈ గోడలో తొలి కిటికీ తెరిచింది బ్యాంకు రుణం. 1969లో 14 బ్యాంకులను జాతీయం చేసిన తరువాత, చిన్న రవాణాదారులను ప్రాధాన్య రంగంలో చేర్చారు. 1975లో నేషనల్ పర్మిట్ పథకం వచ్చింది. క్లీనర్‌గా బండెక్కినవాడు డ్రైవరై, డ్రైవరు ఓనరు కావడం సాధ్యమయ్యే కలగా మారింది. తెలుగు నేలపై దీనికి విజయవాడ మంచి ఉదాహరణ. కోల్‌కతా-చెన్నై రహదారి, హైదరాబాద్-మచిలీపట్నం రహదారి కలిసే ఆ నగరంలో ఆటోనగర్ పెరిగింది. బాడీ కట్టేవారు, పట్టీలు బిగించేవారు, ఇంజను పనివారు, ఫైనాన్స్ ఇచ్చేవారు అక్కడ చేరారు. బ్యాంకు గడప తొక్కలేనివాడు ప్రైవేటు ఫైనాన్స్‌కు వెళ్లాడు. కిస్తీ తప్పితే బండి పోతుంది. కాబట్టి కిరాయి ఎంతైనా సరే, బండి తిరగాలి.

1988 నాటి కొత్త చట్టం 1989 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. సరకు లారీల సంఖ్యకు ఉన్న పరిమితి ఆచరణలో తొలగిపోయింది. ఇది న్యాయమైన సంస్కరణే. పర్మిట్ల పేరిట సాగిన లంచాల రాజ్యానికి అది గట్టి దెబ్బ. అయితే బండ్లు పెరిగేకొద్దీ లోడు కోసం పోటీ పెరిగింది. సరకు యజమానికీ లారీకీ నడుమ నిలిచిన బ్రోకర్ బలపడ్డాడు. దిగిన చోట తిరుగు లోడు దొరకకపోతే ఖాళీ బండితో రావాలి. ఆ డీజిలు ఖర్చు భరించలేక చెప్పిన ధరకే ఒప్పుకోవాలి. కిరాయి టన్నుల లెక్కన కాబట్టి అదనపు లోడే కిస్తీకి ఆధారమైంది. 2005 నవంబరులో సుప్రీంకోర్టు అధిక లోడుపై కఠినంగా వ్యవహరించింది. 2018లో కేంద్రమే రెండు యాక్సిళ్ల లారీ మొత్తం బరువు పరిమితిని 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులకు పెంచింది. కానీ ఉన్న లారీలే ఎక్కువ సరకు మోయగలిగితే కొన్ని బండ్లకు పని తగ్గుతుంది.

ఖర్చుల వైపు చూస్తే, 2014 అక్టోబరులో డీజిలు ధరపై నియంత్రణ ఎత్తివేశారు. 2017 జూన్ నుంచి ఆ ధర రోజూ మారే ఏర్పాటు వచ్చింది. టోల్, థర్డ్ పార్టీ బీమా, పన్ను వంటివన్నీ మరొకరు నిర్ణయించేవే. కిరాయి మాత్రం బేరానికి వదిలేశారు.

ఈ బేరంలో నిలబడటానికి స్థానిక లారీ యజమానులు కట్టుకున్నవే యూనియన్లు. వరుస ప్రకారం లోడు, అందరికీ ఒకే కిరాయి అన్నది వాటి సూత్రం. వాటిపై ఆరోపణలూ లేకపోలేదు. బయటి బండిని రానివ్వరని, ధర పెంచుతారని వ్యాపారులు చెబుతూ వచ్చారు. పంజాబ్ 2017లో ఈ గుత్తాధిపత్యాన్ని నిషేధిస్తూ నిబంధనలు తెచ్చింది. హిమాచల్ ప్రదేశ్‌లో కథ వేరు. బర్మాణా, దాడ్లాఘాట్ సిమెంటు కర్మాగారాల చుట్టుపక్కల, భూములు కోల్పోయిన కుటుంబాలు ఎన్నో లారీలు కొని బతుకుతున్నాయి. కిరాయిల వివాదంలో 2022 డిసెంబరులో అదానీ గ్రూపు ఆ రెండు కర్మాగారాలను మూసివేసింది. వేలాది లారీలు రెండు నెలలకు పైగా నిలిచిపోయాయి. అప్పుడే అధికారం చేపట్టిన సుఖూ ప్రభుత్వం మధ్యవర్తిత్వం వహించింది. 2023 ఫిబ్రవరి 20న కుదిరిన ఒప్పందం ప్రకారం టన్నుకు కిలోమీటరుకు సింగిల్ యాక్సిల్ లారీకి రూ.10.30, మల్టీ యాక్సిల్‌కు రూ.9.30. అది అంతకుముందున్న కిరాయి కన్నా తక్కువే. మూతపడిన కర్మాగారం నష్టాన్ని కొన్నాళ్లు భరించగలదు. ఆగిన లారీ కిస్తీని ఒక్క నెల కూడా ఆపలేదు. ఫలితాన్ని నిర్ణయించింది ఈ తేడాయే.

1988 చట్టంలోని 67వ సెక్షన్ రాష్ట్రాలకు సరకు రవాణా ఛార్జీలపైనా ఆదేశాలిచ్చే అధికారం ఇస్తోంది. బస్సు ఛార్జీకి, ఆటో మీటరుకు ప్రభుత్వాలు ఆ అధికారం వాడుతూనే ఉన్నాయి. లారీ విషయానికి వచ్చేసరికి మార్కెట్ సూత్రం గుర్తుకొస్తుంది. కనీస కిరాయి పెడితే సరుకుల ధర పెరుగుతుందన్న వాదనలో కొంత నిజముంది. కానీ ఆ చౌక ధర ఇప్పటికే ఎవరో ఒకరు చెల్లిస్తున్నారు: నిద్రలేని రాత్రులతో, అరిగిన టైర్లతో, అధిక లోడుతో. హిట్ అండ్ రన్‌కు పదేళ్ల వరకు జైలు శిక్ష విధించే కొత్త నిబంధనపై 2024 జనవరి మొదట్లో డ్రైవర్లు బండ్లు ఆపితే, పెట్రోలు బంకుల ముందు బారులు తీరాయి. రెండో రోజుకే కేంద్రం చర్చలకు దిగివచ్చి, సంప్రదించాకే అమలు చేస్తామన్నది. శిక్ష గురించి మాట్లాడటానికి డ్రైవరును పిలిచిన ప్రభుత్వం, కిరాయి గురించి కూడా అతన్ని పిలవాలి.