పడిగె మీదికెక్కని వంశచరిత్ర

కోయల వంశచరిత్రలు పడిగెల మీద బొమ్మలుగా ఉంటాయి. వాటిని విప్పి, డోలీలు పాడి చెబుతారు. కాకతీయ సైన్యాన్ని ఎదిరించిన మేడారం సమ్మక్క, ఆమె కూతుళ్లు సారలమ్మ, నాగులమ్మల కథ అచ్చులోకి రాకముందు ఇలా నోటిమాటగానే నిలిచింది. ఆడవాళ్ల యుద్ధాన్ని ఇంత జాగ్రత్తగా దాచుకున్న నేల మీద ఆడవాళ్ల జబ్బుల చరిత్రను ఎవరు దాచారు? మా నాయనమ్మ చెల్లెలు ‘కడుపులో గడ్డ లేచి’ పోయిందని మాత్రమే మా ఇంట్లో తెలుసు. ఆ గడ్డ ఎక్కడిదో, అప్పటికి ఆమె వయసెంతో ఎవరూ గుర్తుంచుకోలేదు.

అండాశయ క్యాన్సర్ గురించి చదివేటప్పుడు ఈ మౌనం ఎంత ఖరీదైనదో నాకు అర్థమైంది. కణితి పుట్టకుండా కాపుకాసే ప్రొటీన్లు మన కణాల్లో ఉంటాయి. 1979లో గుర్తించిన పి53 దెబ్బతిన్న కణాన్ని విభజన కాకుండా ఆపుతుంది. బాగుపడకపోతే చనిపోయేలా చేస్తుంది. మొదట్లో దాన్నే క్యాన్సర్ కారకమనుకున్నారు. కాపలాదారని తేలడానికి పదేళ్లు పట్టింది. అండాశయ క్యాన్సర్లలో ఎక్కువమంది ప్రాణాలు తీసే రకంలో నూటికి 96 కణితుల్లో ఈ జన్యువు చెడిపోయి ఉంటుందని 2011లో తేలింది.

బీఆర్‌సీఏ1 అనే మరో ప్రొటీన్ తెగిన డీఎన్‌ఏను అతికే పనిలో ఉంటుంది. దాని జన్యువు 17వ క్రోమోజోము మీద ఉందని 1990లో మేరీ-క్లెయిర్ కింగ్ చూపించింది. ఆమెకు దొరికిన ఆధారం రొమ్ము క్యాన్సర్ వచ్చిన 23 కుటుంబాల చరిత్ర. అమ్మకు ఏ వయసులో వచ్చింది, పిన్నికి వచ్చిందా అన్న ఇంటి మాటలే శాస్త్రమయ్యాయి. 1994లో ఆ జన్యువును విడదీశాక ఒక అమెరికన్ కంపెనీ దానిమీద పేటెంట్లు పొందింది. ప్రకృతిలో ఉన్న జన్యువుకు పేటెంట్ చెల్లదని అక్కడి సుప్రీంకోర్టు 2013లో తీర్పు చెప్పింది.

మరి మన దగ్గర? చరిత్ర అడగని చోట భయం పనిచేసింది. ‘తీయకపోతే క్యాన్సరవుతుంది’ అన్న ఒక్కమాటతో ఎందరి గర్భసంచులో పోయాయి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో నూటికి ముగ్గురైతే, తెలంగాణలో దాదాపు ఎనిమిదిమంది, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది. వయసు రాకముందే అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు బలహీనపడతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. అదే, బీఆర్‌సీఏ1లో లోపంతో పుట్టినవాళ్లలో 80 ఏళ్లలోపు నూటికి దాదాపు 44 మందికి అండాశయ క్యాన్సర్ రావచ్చు. ముందుగా పట్టిచ్చే నమ్మకమైన పరీక్ష లేదు కనక, పిల్లలు చాలనుకున్నాక అండాశయాలు, గొట్టాలు తీయించుకోవడం వాళ్ల ప్రాణం కాపాడుతుంది. ఒకే ఆపరేషన్ ఒకరికి రక్ష, ఇంకొకరికి దోపిడీ. తేడా తెలియాలంటే ముందు కుటుంబ చరిత్ర, ఆపైన జన్యుపరీక్ష ఉండాలి.

ఈ లోపం తండ్రి వైపు నుంచీ వస్తుంది. అంటే మేనత్త జబ్బు కూడా మన చరిత్రే. కానీ పెళ్లితో ఇంటిపేరు మారగానే ఆమెను మన వంశవృక్షంలోంచి కొట్టేస్తాం. ఒకప్పటి వరంగల్ జిల్లాలో ఉండి, 2019 నుంచి ములుగు జిల్లాలోకి వచ్చిన మేడారానికి రెండేళ్లకోసారి అత్తారిళ్ల నుంచి ఆడబిడ్డలు, మేనత్తలు వస్తారు. ఒకే చెట్టు కింద వండుకుని తింటారు. ఎవరికి, ఏ వయసులో, ఎక్కడ గడ్డ లేచిందో అక్కడే అడిగి రాసుకోవచ్చు. మన పడిగెను మనమే మొదలుపెట్టాలి.