తల్లిపాల విషయంలో సెల్‌ఫోను సందేశాల సహాయం

గర్భిణులకు, బాలింతలకు సెల్‌ఫోను ద్వారా సంక్షిప్త సందేశాలు (ఎస్సెమ్మెస్‌లు) పంపి, శిశువుకు పాలిచ్చే విషయంలో సలహాలు, ధైర్యం అందించటం ఒక ఆరోగ్య సేవా పద్ధతి. 2010 తరువాత ఈ పద్ధతి అనేక దేశాలలో అమలు జరిగింది. దీని ఫలితాలపై అధ్యయనాలు కూడా వెలువడినాయి.

నేపథ్యం

శిశువుకు పుట్టిన గంటలోపు తల్లిపాలు పట్టాలని, మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా ఇవ్వరాదని, ఆ తరువాత ఇతర ఆహారంతోపాటు రెండేళ్ళు లేదా అంతకు మించి పాలివ్వటం కొనసాగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తున్నది. అయితే చాలామంది తల్లులు తొలి వారాలలోనే పోతపాలు మొదలుపెడతారు. చనుమొనలు పగలటం, పాలు గడ్డకట్టటం, పాలు చాలటం లేదనే భయం ఇందుకు ముఖ్య కారణాలు. ఈ ఇబ్బందులు ఎక్కువగా ఆసుపత్రి నుండి ఇంటికి చేరిన తరువాతనే ఎదురవుతాయి. అప్పుడు సలహా చెప్పటానికి నర్సు దగ్గర ఉండదు. ఈ లోటును తీర్చటమే సందేశాల ఉద్దేశం.

పనిచేసే విధానం

తల్లి తన ఫోను నంబరును, ప్రసవ తేదీని నమోదు చేసుకుంటుంది. శిశువు వయసుకు తగిన సందేశాలు ఆమెకు వారం వారం అందుతాయి. ముర్రుపాలు పారబోయరాదు, తరచుగా తాగిస్తేనే పాలు బాగా ఊరతాయి, మొదటి వారం దాటిన శిశువు రోజుకు ఆరుసార్లు లేదా అంతకు మించి మూత్రం పోస్తే సాధారణంగా పాలు సరిపోతున్నట్లే అనే విషయాలు ఇటువంటి సందేశాలలో ఉంటాయి.

ఈ సేవలు రెండు రకాలు. సమాచారం పంపటంతో సరిపెట్టేది ఏకముఖ సేవ. 2010లో అమెరికాలో ప్రారంభమైన టెక్స్ట్‌ఫర్‌బేబీ ప్రధానంగా ఈ కోవకు చెందినది. తల్లి తిరిగి జవాబు ఇవ్వగలిగినది ద్విముఖ సేవ. ఆస్ట్రేలియాలోని మమ్‌బబ్‌కనెక్ట్‌లో వారానికొక సందేశం ఎనిమిది వారాలపాటు అందేది. తల్లి జవాబును బట్టి కంప్యూటరు తగిన సలహా పంపేది, ఇబ్బంది ఉన్నదని తెలిస్తే సలహాదారు స్వయంగా ఫోను చేసేవారు. 2014లో దక్షిణాఫ్రికా ఆరోగ్య శాఖ ప్రారంభించిన మామ్‌కనెక్ట్‌లో సందేశాలతోపాటు ప్రశ్నలకు సమాధానమిచ్చే సహాయ కేంద్రం కూడా ఉన్నది.

అధ్యయనాలు

చైనాలోని షాంఘైలో 582 మంది గర్భిణులపై జరిపిన అధ్యయనం 2014లో ప్రచురితమైనది. సందేశాలు అందినవారిలో 15.1 శాతం, అందనివారిలో 6.3 శాతం మంది ఆరు నెలల వరకు కేవలం తల్లిపాలే ఇచ్చారు. తేడా స్పష్టమే అయినా, సందేశాలు అందినవారిలోనూ అత్యధికులు ఆరు నెలలు నిలవలేదు.

మహారాష్ట్రలోని నాగపూర్‌లో జరిగిన అధ్యయనం 2018లో వెలువడినది. ఇందులో రోజువారీ సందేశాలకు తోడుగా సలహాదారు వారానికొకసారి ఫోను చేసి మాట్లాడేవారు. ఆరు నెలల వద్ద కేవలం తల్లిపాలిచ్చినవారు ఈ బృందంలో 97.3 శాతం, మామూలు సేవలు పొందిన బృందంలో 48.5 శాతం. కాని పుట్టిన గంటలోపు పాలు పట్టటం మాత్రం మెరుగుపడలేదు. ఆ మొదటి గంటలో శిశువు తల్లి దగ్గర ఉండటం ఎక్కువగా ఆసుపత్రి సిబ్బంది చేతిలో ఉంటుంది.

భారతదేశంలో కిల్కారీ

చదువు రాని తల్లులకు అక్షర సందేశం ఉపయోగపడదు. కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 15న ప్రారంభించిన కిల్కారీ పథకంలో అందుకే ముందుగా రికార్డు చేసిన మాటలు ఫోనులో వినిపిస్తారు. గర్భం నాలుగవ నెల నుండి శిశువుకు ఏడాది నిండే వరకు వారానికొకటి చొప్పున 72 సందేశాలు ఉచితంగా అందేలా దీనిని రూపొందించారు.

పరిమితులు

చాలా ఇళ్ళలో ఫోను భర్త వద్ద ఉండటం వలన సందేశం తల్లిదాకా చేరకపోవచ్చు. నంబరు మారితే సేవ ఆగిపోతుంది. శిశువు రొమ్మును సరిగా పట్టుకున్నదో లేదో సందేశం చూడలేదు. రొమ్ము ఎర్రబడి జ్వరం వచ్చినా, శిశువు మగతగా ఉండి పాలు తాగకపోయినా, మూత్రం తగ్గినా వెంటనే వైద్యులకు చూపించాలి. నాగపూర్ ఫలితంలో సందేశాల వాటా ఎంత, ఫోను సంభాషణల వాటా ఎంత అనేది విడదీయటానికి వీలులేదు. అందుచేత సందేశాలను ఆరోగ్య కార్యకర్తకు బదులుగా కాక, ఆమెకు తోడుగా ఉపయోగించటమే తగినది.