కన్సర్వేటివు అంటే ఎవరు? – దేశానికొక అర్థం

ప్రతి ఉగాదికీ సంచికకు ఏదైనా రాసి ఇమ్మని మన సంఘం కార్యదర్శిగారు అడగడం, నైటు డ్యూటీ పేరు చెప్పి మేము తప్పించుకోవడం కొన్నేళ్ళుగా జరుగుతున్న సంగతే. ఈ మారు తప్పించుకోలేకపోయాము. మాది పదో తరగతి చదువు. చరిత్ర మీద మక్కువ కొద్దీ సెలవు దినాల్లో పుస్తకాలు తిరగేయడమే గాని పాండిత్యం లేదు. తప్పులుంటే పెద్దలు మన్నించగోరుతాము.

ఈ వ్యాసానికి కారణం ఒక చిన్న వాగ్వివాదం. కిందటి ఉగాదినాడు పంచాంగ శ్రవణం అయ్యాక, భోజనాల దగ్గర ఒక పెద్దాయనకూ ఒక కుర్రవాడికీ మాటామాటా పెరిగింది. కుర్రవాడు ఆయనను “మీరు వట్టి కన్సర్వేటివులు” అన్నాడు. పెద్దాయన “అవునయ్యా, అయితే ఏం?” అన్నారు. ఇద్దరూ ఒకే మాట వాడారు. ఒకరికది తిట్టు, ఇంకొకరికది బిరుదు. అసలు ఆ మాటకు అర్థమేమిటని ఇంటికి వచ్చాక ఆలోచనలో పడ్డాము.

మాది గూడ్సు ఆఫీసులో గుమాస్తా పని. మూట మీద చీటీ ఒకటే ఉన్నా, లోపలి సరుకు ఊరిని బట్టి మారుతుందని మాకు అనుభవం. కన్సర్వేటివు అనే చీటీ సంగతీ అంతే. “ఉన్నదానిని కాపాడుకొనేవాడు” అని దాని అర్థం. ఐతే ఏ దేశంలో ఏది ఉన్నదో, అక్కడ అతడు కాపాడేది అదే. దేశం మారితే సరుకు మారుతుంది.

ముందుగా ఇంగ్లండు సంగతి. ఈ సిద్ధాంతానికి మూలపురుషుడని ఎడ్మండ్ బర్కును చెబుతారు. ఫ్రెంచి విప్లవాన్ని నిరసిస్తూ ఆయన 1790లో పెద్ద గ్రంథం రాశాడు. తరతరాలుగా పెరిగిన వ్యవస్థను ఒక్క పూటలో పడగొడితే మిగిలేది అరాచకమేనని ఆయన వాదం. ఆయనకు మన దేవనహళ్ళితో కూడా ఒక దూరపు సంబంధం ఉన్నదంటే పాఠకులు ఆశ్చర్యపోవచ్చు. 1749లో మైసూరు సైన్యం దేవనహళ్ళి కోటను ముట్టడించినప్పుడే హైదరాలీ అనే సామాన్య సైనికుడు మొదటిసారి పేరు తెచ్చుకున్నాడు. కొద్దికాలానికి ఆయన కుమారుడు టిప్పు ఇక్కడే పుట్టాడు. అదే హైదరు 1780లో కర్ణాటక మీద విరుచుకుపడ్డ సంగతిని, 1785లో ఆర్కాటు నవాబు అప్పుల మీద బర్కు పార్లమెంటులో చేసిన ప్రసంగంలో ఎంతో భయానకంగా వర్ణించాడు. ఐతే ఆ ప్రసంగంలో ఆయన తప్పు మోపింది ప్రధానంగా హైదరు మీద కాదు, నవాబుకు వడ్డీలకిచ్చి దేశాన్ని పిండిన కుంపిణీ ఉద్యోగుల మీద. తరువాత వారన్ హేస్టింగ్సు మీద 1788 నుండి 1795 దాకా నడిచిన విచారణలో ముఖ్య అభియోక్త కూడా ఆయనే. ఇంగ్లండులో పాత ఆచారాన్ని గౌరవించాలన్న మనిషి, మన దేశపు పాత ఆచారాలను కూడా గౌరవించాలన్నాడు. కన్సర్వేటివు అంటే దొరల పక్షమని తేలికగా కొట్టివేయడానికి ఇక్కడే మొదటి అడ్డు వస్తుంది.

బర్కు కాలానికి ఆ పేరుతో పార్టీ లేదు. 1830లలో టోరీలు ఆ పేరు పెట్టుకున్నారు. 1867లో వారి నాయకుడు డిజ్రేలీ పట్టణపు కార్మికులలో చాలామందికి వోటు హక్కు వచ్చే చట్టం చేయించాడు. రాజునూ, చర్చినీ, భూస్వామినీ కాపాడాలంటే కూలివానిని కూడా ఇంటిలోకి పిలవాలని ఆయన లెక్క.

జర్మనీలో బిస్మార్కు పద్ధతి వేరు. ఆయన చక్రవర్తి పక్షం, సోషలిస్టులకు బద్ధవిరోధి. అయినా 1883లో కార్మికులకు జబ్బు భీమా, 1889లో వృద్ధాప్య పెన్షను చట్టాలు తెచ్చింది ఆయన ప్రభుత్వమే. మా వంటి రైల్వే నౌకర్లకు ఆసక్తి కలిగించే సంగతి మరొకటి ఉన్నది. 1879 నుండి ప్రష్యాలోని ప్రైవేటు రైళ్ళను కొని ప్రభుత్వపరం చేసినది కూడా బిస్మార్కే. ఇంగ్లండులో 1948లో లేబరు ప్రభుత్వం జాతీయం చేసిన రైళ్ళను, 1993 చట్టంతో తిరిగి ప్రైవేటు చేతుల్లో పెట్టింది కన్సర్వేటివు ప్రభుత్వం. రెండూ కన్సర్వేటివు ప్రభుత్వాలే, రెండూ రైళ్ళ విషయమే. ఒకటి కొన్నది, ఒకటి అమ్మింది!

అమెరికాలో రాజూ లేడు, జమీందారీ బిరుదులూ లేవు. అక్కడి కన్సర్వేటివు కాపాడుతాననేది 1787లో రాసుకున్న రాజ్యాంగాన్ని. అంటే ఒక విప్లవపు ఫలితాన్ని! 1964లో బారీ గోల్డ్‌వాటరు అనే నాయకుడు, నల్లవారికి సమాన హక్కులిచ్చే చట్టానికి వ్యతిరేకంగా వోటు వేశాడు. కేంద్రం అధికారం మితిమీరుతున్నదని ఆయన చెప్పిన కారణం. ఆ కారణం మాటున ఎందరి మానం, ప్రాణం నలిగిపోయాయో కూడా చరిత్ర మరువలేదు. కాపాడుతున్నది ఏది అని అడగడంతో సరిపోదు, ఎవరి ఖర్చు మీద అని కూడా అడగాలి.

రష్యాలో మరీ విచిత్రం. 1991 ఆగస్టులో గోర్బచేవును పదవినుండి తొలగించబోయిన కమ్యూనిస్టు నాయకులను లోకమంతటా పత్రికలు “కన్సర్వేటివులు” అని రాశాయి. అక్కడ డెబ్బై ఏళ్ళుగా ఉన్నది కమ్యూనిజమే గనుక, దానిని కాపాడేవాడే కన్సర్వేటివు అయ్యాడు. జపానులో 1946 నుండి జరిగిన భూసంస్కరణల వల్ల కౌలుదార్లు చిన్న భూస్వాములయ్యారు. 1955లో ఏర్పడిన లిబరల్ డెమోక్రాటిక్ పార్టీకి, అంటే అక్కడి కన్సర్వేటివులకు, కొన్ని దశాబ్దాలపాటు వోటుబలం ఆ చిన్న రైతులే. భూమి లేనప్పుడు మార్పు కోరినవాడు, భూమి వచ్చాక మార్పంటే జంకుతాడు. ఇది జపానుకు మాత్రమే చెందిన సంగతి కాదు.

ఇక మన తెలుగువారి సంగతికి వద్దాము.

మద్రాసు ప్రెసిడెన్సీలో 1916లో పుట్టిన జస్టిస్ పార్టీకి పిట్టి త్యాగరాయ చెట్టిగారు, పానగల్లు రాజావారు, బొబ్బిలి రాజావారు వంటి తెలుగువారు పెద్దలు. జమీందార్ల పార్టీ అని దానికి పేరు. అయినా వారి పరిపాలనలోనే 1921లో ఆ రాష్ట్రంలో స్త్రీలకు వోటు హక్కు వచ్చింది, బ్రాహ్మణేతరులకు సర్కారు నౌకర్ల తలుపు తెరచుకున్నది. కులం విషయంలో మార్పు, భూమి విషయంలో స్థితి! 1937 ఎన్నికలలో బొబ్బిలి రాజావారిని వారి సొంత గడ్డ మీదనే వి. వి. గిరిగారు ఓడించారు. 1948లో జమీందారీల రద్దు చట్టం వచ్చింది.

ఆ జమీందారీలమీద రైతులను కూడగట్టిన వారిలో ముఖ్యులు గుంటూరు జిల్లా నిడుబ్రోలుకు చెందిన ఆచార్య ఎన్. జి. రంగాగారు. ఆక్స్‌ఫర్డులో చదివి, మద్రాసు పచ్చయప్ప కాలేజీలో అర్థశాస్త్రం చెప్పినవారు. 1934లో నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయం పెట్టారు. 1936లో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు స్వామి సహజానందులు అధ్యక్షులు, రంగాగారు కార్యదర్శి. ఇటువంటి మనిషిని ఎవరూ కన్సర్వేటివు అనలేరు గదా!

1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు మహాసభ, రైతులు తమ భూములను కలిపి ఉమ్మడి సహకార సేద్యం చేయాలని తీర్మానించింది. భూమి మీద హక్కు రైతుదే, సేద్యం మాత్రం ఉమ్మడిగా అన్నది ఆ తీర్మానం. గట్టు చెరిగాక హక్కు కాగితం మీదనే మిగులుతుందని రంగాగారి వాదం. ఆయన కాంగ్రెసు విడిచారు. అదే ఏడు రాజాజీ, మీనూ మసానీ మొదలైనవారు పెట్టిన స్వతంత్ర పార్టీకి మొదటి అధ్యక్షులయ్యారు. రాజాజీ కూడా మనకు దూరపువారు కారు. పుట్టింది హోసూరు దగ్గరి తొరపల్లి, చదివింది బెంగుళూరు సెంట్రల్ కాలేజీ. లైసెన్సు పర్మిటు రాజ్యం అనే మాటను దేశమంతటా ప్రచారం చేసినది ఆయనే.

ఆ పార్టీలో బొంబాయి మిల్లు యజమానులున్నారు, జయపురం మహారాణి గాయత్రీదేవి ఉన్నారు. జమీందార్ల మీద పోరాడిన రంగాగారు రాజుల పక్కన కూర్చున్నారు! కమ్యూనిస్టులు అభివృద్ధి నిరోధకులన్నారు. ఎవరికి ఎదురు తిరిగినా ఆయన చెప్పింది మాత్రం ఒకటే – రైతు గట్టు రైతుదే అని. జమీందారు దాటినా తప్పే, సర్కారు దాటినా తప్పే. ఐతే గట్టే లేని కూలివాని కోసం ఆ పార్టీ గట్టిగా చెప్పింది తక్కువ. మాకు తోచినంతలో ఆ పార్టీలోని పెద్ద లోపం ఇదే.

1962లో ఆంధ్రప్రదేశ్ శాసనసభలో స్వతంత్ర పార్టీకి 19 స్థానాలు, 1967లో 29 స్థానాలు వచ్చాయి. 1967లో లోక్‌సభలో 44 స్థానాలతో అతి పెద్ద ప్రతిపక్షం అయింది. ఆ ఏడే ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసులో, ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదని సుప్రీంకోర్టు ఆరుగురు న్యాయమూర్తుల ఆధిక్యంతో తీర్పు ఇచ్చింది. ప్రధాన న్యాయమూర్తి మన తెలుగువారైన కోకా సుబ్బారావుగారు. కేసు భూమిదే. తరువాత 1971లో పార్టీకి వచ్చినవి 8 స్థానాలే. 1974లో పార్టీ భారతీయ లోకదళ్‌లో కలిసిపోయింది, లోకదళ్ 1977లో జనతాలో కలిసింది. ఆ జనతా ప్రభుత్వమే 1978లో 44వ సవరణతో ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల నుండి తొలగించింది! రంగాగారు 1972లోనే తిరిగి కాంగ్రెసులో చేరి, తరువాత గుంటూరు నుండి ఎన్నికయ్యారు.

ఇదంతా ఇప్పుడెందుకంటారేమో. మా తాతది చిత్తూరు దగ్గర పల్లె. రెండెకరాల మెట్ట, ఒక బావి. 1962లో చిత్తూరు లోక్‌సభ ఉపఎన్నికలో రంగాగారు గెలిచారు. తాత వోటు నక్షత్రం గుర్తుకే. “రాజుల పార్టీకి ఎందుకేసినావు తాతా?” అని చిన్నప్పుడు మేము అడిగితే, “రాజులకెందుకేస్తాను రా? నా బావికేసుకున్నాను” అన్నాడు. ఆ బావినీ, ఆ మెట్టనూ తాత పోయాక అమ్ముకున్నాము. ఏ సర్కారూ లాక్కోలేదు. నీళ్ళు లేవు, చేసేవారు లేరు, మేమే అమ్ముకున్నాము. ఆ డబ్బుకు అప్పు కలిపి ఇక్కడ థర్టీ ఫార్టీ సైటు కొన్నాము.

సైటు ఉన్న చోట ఒకప్పుడు ద్రాక్ష తోట అట. 2008లో విమానాశ్రయం తెరిచారు. నాలుగు వేల ఎకరాల పైచిలుకు దానికే పోయింది. చుట్టూ చకోత తోటలు, ద్రాక్ష పందిళ్ళు లేఅవుట్లయ్యాయి. మనలో చాలామందికి అన్నం పెడుతున్నది ఆ విమానాశ్రయమూ, దాని వెంట వచ్చిన పనులూను. 2022లో చెన్నరాయపట్టణ హోబళి రైతులు, తమ 1,777 ఎకరాలు పరిశ్రమలకివ్వబోమని ధర్నాకు కూర్చున్నారు. మూడేళ్ళకు పైగా కూర్చున్నారు. 2025 జూలై 15న ఆ సేకరణ మానుకుంటున్నట్లు ముఖ్యమంత్రి ప్రకటించారు. ఇష్టపడి ఇచ్చేవారు ఇవ్వవచ్చునన్నారు. ఆ రైతుల పక్కన నిలిచినవారిలో ఎర్రజెండావారున్నారు, దళిత సంఘాలవారున్నారు. మా భూమి మాకుండనివ్వండి అన్న మాట 1959లో అంటే కన్సర్వేటివు, ఇప్పుడు అంటే పోరాటం! మాట మారలేదు, చీటీ మారింది.

డ్యూటీకి పోతూ ఆ వార్త చదివిన రోజు మాకు సంతోషమే కలిగింది. వెనువెంటనే కొంచెం సిగ్గు కూడా కలిగింది. తాత బావిని కాపాడుకోలేని మేము, ఇంకొకరి తోట మీద ఇల్లు కట్టుకొని, ఇంకొకరు కాపాడుకున్నందుకు సంతోషిస్తున్నాము. దీనికి మా దగ్గర సమాధానం లేదు. తప్పు అనడానికీ లేదు, బతుకు తెరువు. ఒప్పు అనడానికీ మనసు రాదు.

కాబట్టి పెద్దాయనకూ కుర్రవానికీ మా మనవి ఒక్కటే. ఎవరినైనా కన్సర్వేటివు అని తిట్టబోయే ముందూ, మెచ్చబోయే ముందూ మూడు ప్రశ్నలు వేసుకుందాము. ఏమి కాపాడుతున్నాడు? ఎవరి కోసం? ఎవరి ఖర్చు మీద? మన ఇళ్ళల్లో కూడా ఇదే లెక్క. పరాయి గడ్డమీద ఉగాదిని, తెలుగును కాపాడుకుంటున్నాము, మంచిదే. దానితోపాటు కట్నమూ, కులమూ మూటగట్టి తెచ్చుకున్నాము. ఏది దింపాలో, ఏది మోయాలో మూట విప్పి చూసుకోవలసింది మనమే. మనకు చోటిచ్చిన కన్నడ సోదరుల మాటను కూడా మన పిల్లలు ఆ మూటలో చేర్చుకోవాలని మా కోరిక.

సోదర సోదరీమణులందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.