కిస్తీలు తీరకముందే కొత్త ఫోన్: లెక్క, కాగితాలు, జాగ్రత్తలు

మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల ఫోన్ దుకాణాల్లో తరచూ వినిపించే ప్రశ్న ఒకటుంది: "కిస్తీలు ఇంకా అయిపోలే, ఇప్పుడే ఫోన్ మార్చుకోవచ్చా?" మార్చుకోవచ్చు. అయితే పాత కిస్తీల భారం ఎటు పోతుందో తెలుసుకోకుండా మార్చుకుంటే నష్టం ఇంటిమీదికి వస్తుంది. దుబాయ్, రియాద్, కువైట్, దోహాలో ఉన్న మనవాళ్లకు ఇదే ప్రశ్న వేరే రూపంలో ఎదురవుతుంది: నెట్‌వర్క్ కంపెనీతో రాసుకున్న కాంట్రాక్టు గడువు తీరకముందే ఫోన్ మార్చడం ఎట్లా? ఈ రెండు సందర్భాల గురించి తెలుసుకోవాల్సినవి ఇవి.

కాంట్రాక్టు వేరు, కిస్తీ వేరు

గల్ఫ్ దేశాల్లో, యూరప్, అమెరికాల్లో నెట్‌వర్క్ కంపెనీయే ఫోన్ ఇస్తుంది. నెలవారీ బిల్లులోనే ఫోన్ ధర కలిపి వసూలు చేస్తుంది. మన దేశంలో ఈ పద్ధతి పాతుకోలేదు. ఇక్కడ పదిమందిలో తొమ్మిది మందికి పైగా ప్రీపెయిడ్ వాడేవాళ్లే. నెల రీచార్జి అయిపోతే కంపెనీకి, వినియోగదారుడికి మధ్య బాకీ ఏదీ మిగలదు.

ఇక్కడ కూడా ప్రయత్నాలు జరగకపోలేదు. 2003లో రిలయన్స్ ఇన్ఫోకామ్ 501 రూపాయలు కట్టించుకొని ఫోన్, కనెక్షన్ కలిపి ఇచ్చింది. మిగతా సొమ్ము నెలనెలా కట్టాలి. 2017లో వచ్చిన జియోఫోన్‌కు 1,500 రూపాయల డిపాజిట్ తీసుకున్నారు, మూడేళ్ల తర్వాత తిరిగి ఇస్తామన్నారు. ఆ ఫోన్‌లో వేరే కంపెనీ సిమ్ పనిచేయదు. స్మార్ట్‌ఫోన్ల విషయంలో మాత్రం ఇప్పుడు నడుస్తున్నది ఫైనాన్స్ కంపెనీ లేదా బ్యాంకు ఇచ్చే అప్పు. దుకాణం ఫోన్ అమ్ముతుంది, డబ్బు ఫైనాన్స్ కంపెనీ ఇస్తుంది, కిస్తీ మన ఖాతా నుంచి పోతుంది.

కాబట్టి ఇక్కడ సిమ్ మార్చినా, నెట్‌వర్క్ మార్చినా ఫోన్ కిస్తీకి సంబంధం లేదు. నంబరు మార్చకుండా కంపెనీ మారే సౌకర్యం 2011 జనవరి 20 నుంచి దేశమంతా ఉంది. పోర్ట్ అని రాసి నంబరు జతచేసి 1900కు మెసేజ్ పంపితే కోడ్ వస్తుంది. పోస్ట్‌పెయిడ్ అయితే పాత బిల్లు కట్టి ఉండాలి. కిస్తీ మాత్రం సిమ్‌తో పాటు పోదు, అప్పు తీసుకున్న మనిషి పేరు మీదే ఉంటుంది.

పాత ఫోన్ ఇచ్చేస్తే కిస్తీ ఆగదు

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. పాత ఫోన్‌ను ఎక్స్ఛేంజ్‌లో ఇస్తే పాత అప్పు కూడా దుకాణమే చూసుకుంటుందని అనుకుంటారు. దుకాణం పాత ఫోన్‌కు వెల కడుతుంది, అంతే. అప్పు ఇచ్చింది ఫైనాన్స్ కంపెనీ. ఆ బాకీ మన పేరు మీద అట్లనే ఉంటుంది.

ఒక లెక్క చూద్దాం. 24,000 రూపాయల ఫోన్‌ను నెలకు 2,000 చొప్పున 12 కిస్తీల మీద కొన్నారనుకుందాం. ఏడు కిస్తీలు అయ్యాయి, ఇంకా 10,000 బాకీ. ఇప్పుడు 30,000 రూపాయల కొత్త ఫోన్ కావాలి. దుకాణదారుడు పాత ఫోన్‌కు 9,000 ఇస్తానన్నాడు. "21,000 కడితే కొత్త ఫోన్ మీదే" అనే మాట వినడానికి బాగానే ఉంటుంది. కానీ పాత బాకీ 10,000 కలిపితే జేబులోంచి పోయేది 31,000. అంటే ఎక్స్ఛేంజ్‌లో వచ్చిన సొమ్మంతా పాత అప్పుకే సరిపోలేదు.

ఆ 21,000 కూడా 12 కిస్తీల మీద తీసుకుంటే కొత్త కిస్తీ 1,750 అవుతుంది. పాతది 2,000. ఐదు నెలల పాటు నెలకు 3,750 కట్టాలి. అదే ఐదు నెలలు ఆగితే పాత ఫోన్ విలువ 9,000 నుంచి 7,500కు తగ్గిందనుకున్నా నష్టం 1,500 మాత్రమే. ఒకేసారి రెండు కిస్తీల ఒత్తిడి ఉండదు. కొత్త మోడల్ ధర కూడా ఈలోగా తగ్గే అవకాశం ఉంది.

ముందుగా తీర్చే పద్ధతి

ఆగలేని పరిస్థితి ఉంటే పాత అప్పును ముందుగానే మూసేయడం మంచిది. దీన్నే ఫోర్‌క్లోజర్ అంటారు. వరుస ఇది:

1. ఫైనాన్స్ కంపెనీ యాప్‌లో గానీ, కస్టమర్ కేర్‌లో గానీ ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ అడగాలి. అందులో మిగిలిన అసలు, ఛార్జీలు విడివిడిగా ఉండాలి.

2. ఛార్జీ ఎంతో ముందే రాసి ఉండాలి. 2024 అక్టోబర్ 1 నుంచి కొత్త రిటైల్ అప్పులన్నిటికీ "కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్" ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నియమం పెట్టింది. అప్పు తీసుకునేవాళ్లకు అర్థమయ్యే భాషలో అది ఉండాలి. అంటే తెలుగులో కావాలని అడిగే హక్కు ఉంది. అందులో లేని ఛార్జీని తర్వాత వేయకూడదు.

3. మారుతూ ఉండే వడ్డీ రేటు అప్పులను వ్యక్తులు ముందుగా తీర్చినప్పుడు ఛార్జీ వేయొద్దని 2026 జనవరి 1 నుంచి నియమం ఉంది. కానీ ఫోన్ అప్పులు ఎక్కువగా స్థిర వడ్డీవే. వాటికి ఛార్జీ ఉండొచ్చు. దానిమీద 18 శాతం జీఎస్టీ అదనం.

4. డబ్బు ఫైనాన్స్ కంపెనీకే నేరుగా కట్టాలి. "నాకు ఇవ్వండి, నేను కడతా" అనే ఏజెంటు చేతికి ఇవ్వొద్దు.

5. కట్టిన తర్వాత నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఆ తర్వాతే ఖాతా మీద ఉన్న ఆటో డెబిట్ మాండేట్ రద్దు చేయించాలి. అప్పు ఉండగానే మాండేట్ ఆపేస్తే కిస్తీ తిరిగిపోతుంది. బ్యాంకు ఛార్జీ, ఫైనాన్స్ కంపెనీ ఛార్జీ రెండూ పడతాయి.

యాప్ ద్వారా డిజిటల్ అప్పు తీసుకొని వెంటనే మనసు మారితే కూలింగ్ ఆఫ్ గడువు ఉంటుంది. అది కనీసం ఒక రోజు. ఆ లోపల అసలు, ఆ రోజుల వడ్డీ కట్టేసి అప్పు వదులుకోవచ్చు, పెనాల్టీ ఉండదు.

సిబిల్ మీద పడే దెబ్బ

ఫోన్ కిస్తీ చిన్నదే అనిపిస్తుంది. కానీ అది కూడా క్రెడిట్ రిపోర్టులో ఎక్కుతుంది. రేపు ఇంటి లోన్‌కో, పిల్లల చదువు లోన్‌కో బ్యాంకుకు పోతే రెండు వేల రూపాయల కిస్తీ తప్పిన సంగతి ముందుకు వస్తుంది. దేశంలో నాలుగు క్రెడిట్ సంస్థలున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, సీఆర్‌ఐఎఫ్ హైమార్క్. ఒక్కోదాని నుంచి ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితం.

అప్పు తీర్చినా రిపోర్టులో బాకీ అనే చూపిస్తుంటే ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్నది రిజర్వ్ బ్యాంక్ నియమం.

ఇంకో మాట. అన్న పేరు మీద తమ్ముడు, దోస్తు పేరు మీద దోస్తు ఫోన్ తీసుకోవడం మన దగ్గర మామూలే. కిస్తీ ఆగితే ఫోన్ వాడినోడికి ఏమీ కాదు, పేరు ఇచ్చినోడి రిపోర్టు పాడవుతుంది. గల్ఫ్‌కు పోయేముందు తమ్ముడి కోసం తీసుకున్న కిస్తీ ఉంటే, అది ఎవరు కడతారో, ఏ ఖాతా నుంచి పోతుందో ఇంట్లో తేల్చుకొని పోవాలి.

నో కాస్ట్ కిస్తీ, సూద్ సంగతి

వడ్డీ లేదని చెప్పే నో కాస్ట్ పథకంలో కూడా ఫైనాన్స్ కంపెనీ ఊరికే డబ్బివ్వదు. ఆ వడ్డీని కంపెనీ గానీ దుకాణం గానీ డిస్కౌంట్ రూపంలో భరిస్తుంది. నగదు ఇచ్చేవాళ్లకు దక్కాల్సిన తగ్గింపు అక్కడికి పోతుంది. అందుకే దుకాణంలో ముందు అడగాల్సింది "నగదు ఇస్తే ఎంత?" అని. ప్రాసెసింగ్ ఫీజు, దానిమీద జీఎస్టీ కూడా కలిపి చూడాలి.

మన ఇళ్లలో సూద్ ప్రశ్న కూడా వస్తుంది. జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1990లో కిస్తీ అమ్మకాల గురించి తీర్మానం చేసింది. నగదు ధర కంటే కిస్తీ ధర ఎక్కువ ఉండొచ్చు. కానీ బేరం కుదిరేటప్పుడే ఒక ధర ఖాయం కావాలి, ఆలస్యమైతే పెంచకూడదు. ముందుగా తీర్చే విషయం మీద 1992లో ఇంకో తీర్మానం వచ్చింది. ముందే షరతు పెట్టుకోకుండా, అమ్మినవాడు, కొన్నవాడు ఇద్దరి మధ్యే ఒప్పుకొని కొంత తగ్గిస్తే తప్పు లేదన్నారు.

అయితే దుకాణదారుడే కిస్తీ మీద అమ్మడం వేరు, మూడో కంపెనీ అప్పు ఇచ్చి ఆలస్య రుసుం రాయించుకోవడం వేరు. రెండోదాని మీద ఉలమాల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. నోటి మాటతో కాకుండా అగ్రిమెంటు కాగితం తీసుకుపోయి ముఫ్తీ సాబ్‌కు చూపించి అడగడం మేలు.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు

అక్కడి కాంట్రాక్టులో రెండు బాకీలు ఉంటాయి. ఒకటి నెట్‌వర్క్ ప్లాన్, రెండోది ఫోన్ ధర. గడువుకు ముందే మార్చాలంటే ప్లాన్‌కు ఎగ్జిట్ ఛార్జీ ఎంత, ఫోన్‌కు మిగిలిన కిస్తీలు ఎన్ని అని విడివిడిగా అడగాలి. ఫోన్ మిగతా సొమ్ము సాధారణంగా ఒకేసారి కట్టమంటారు.

అసలు చిక్కు ఫైనల్ ఎగ్జిట్ మీద వచ్చేటప్పుడు ఉంటుంది. సిమ్ తీసి పడేస్తే కాంట్రాక్టు రద్దు కాదు, బిల్లు పడుతూనే ఉంటుంది. యూఏఈలో టెలికాం బాకీలు అల్ ఇత్తిహాద్ క్రెడిట్ బ్యూరో రికార్డులో చేరతాయి. సౌదీలో ఆ పని సిమా సంస్థ చూస్తుంది. కువైట్ 2023లో దేశం విడిచిపోయే విదేశీయులు ప్రభుత్వ బాకీలు, అందులో టెలిఫోన్ బిల్లులు కూడా, ముందే కట్టాలని నియమం తెచ్చింది. మళ్లీ వీసా మీద పోవాలనుకునేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. కాబట్టి ఇకామా ఉండగానే షాపుకు పోయి కాంట్రాక్టు రద్దు చేయించి, బాకీ లేదన్న కాగితం తీసుకోవాలి. రూమ్‌మేట్ కోసం తన ఇకామా మీద ఫోన్ ఇప్పించడం అన్నిటికంటే ప్రమాదం.

పాత ఫోన్ అమ్మేముందు, కొనేముందు

అమ్మేవాళ్లు ఫొటోలు, వాట్సాప్ బ్యాకప్ తీసుకొని, గూగుల్ లేదా యాపిల్ ఖాతా నుంచి లాగౌట్ అయి, ఆ తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. ఇంట్లో ఆడవాళ్ల ఫొటోలు, ఆధార్ కాపీలు, బ్యాంకు యాప్‌లు అన్నీ అందులోనే ఉంటాయి.

కొనేవాళ్లు *#06# నొక్కి పదిహేను అంకెల ఐఎంఈఐ నంబరు చూడాలి. 2023లో దేశమంతా మొదలైన సంచార్ సాథీ పోర్టల్‌లో గానీ, కేవైఎం అని ఇంగ్లిష్‌లో రాసి ఆ నంబరు జతచేసి 14422కు మెసేజ్ పంపి గానీ అది దొంగ ఫోనో కాదో తెలుసుకోవచ్చు. ఫైనాన్స్ లాక్ యాప్ ఉందేమో కూడా చూడాలి. పాత యజమాని కిస్తీ ఆపితే కొన్నవాళ్ల చేతిలో ఫోన్ లాక్ అవుతుంది. బిల్లు, నో డ్యూస్ కాగితం లేకుండా కొనొద్దు.

ఫిర్యాదు ఎక్కడ?

ముందు ఫైనాన్స్ కంపెనీకి రాతపూర్వకంగా ఇవ్వాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు. సమాచారం కోసం 14448కు ఫోన్ చేయొచ్చు. దుకాణంతో గొడవైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. వీటిలో ఎక్కడికి పోయినా మొదట అడిగేది కాగితాలే. బిల్లు, అగ్రిమెంటు, కిస్తీ రసీదులు ఒక కవర్‌లో పెట్టుకోవాలి. అప్పు తీరిన తర్వాత కూడా నో డ్యూస్ కాగితం పారేయొద్దు.