టరాంటులా పిల్లల పెంపక డబ్బా

'''టరాంటులా పిల్లల పెంపక డబ్బా''' అనగా థెరాఫోసిడే కుటుంబానికి చెందిన పెద్ద సాలీళ్ళ పిల్లలను పెంచుటకు వాడే, గాలి రంధ్రాలు కలిగిన చిన్న ప్లాస్టిక్ పాత్ర. పెంపుడు జంతువులుగా సాలీళ్ళను పెంచే అలవాటు ఐరోపా, ఉత్తర అమెరికా దేశాలలో ఎక్కువగా ఉంది. అక్కడి పెంపకందారులు ఇటువంటి డబ్బాలను చాలావరకు ఇంటివద్దనే తయారు చేసుకుంటారు. పిల్ల బ్రతుకుట ముఖ్యంగా డబ్బాలోని గాలి, తేమల సమతూకంపై ఆధారపడి ఉంటుంది.

== అవసరం ==
గుడ్డు నుండి వెలువడిన కొత్తలో టరాంటులా పిల్ల కొన్ని మిల్లీమీటర్ల పొడవు మాత్రమే ఉంటుంది. శరీర పరిమాణంతో పోలిస్తే ఉపరితలం ఎక్కువ కనుక, ఇది పెద్ద సాలీడు కంటే త్వరగా నీటిని కోల్పోతుంది. రంధ్రాలు మరీ ఎక్కువైతే మట్టి ఎండి పిల్ల చనిపోవచ్చు. రంధ్రాలు చాలకపోతే తేమ నిలిచి, బూజు, మైట్లు పెరుగుతాయి. పెద్ద గాజు తొట్టిలో వదిలితే పిల్లను, అది తిన్నదీ లేనిదీ గమనించుట కష్టం. అందువలన మొదట చిన్న డబ్బాలోనే పెంచుతారు.

== డబ్బా ఎంపిక ==
మూత గట్టిగా పట్టే, పారదర్శకమైన డబ్బా అనుకూలం. పాలీప్రొపిలీన్ డబ్బాలు మెత్తగా ఉండి సులభంగా పగలవు. పాలీస్టైరీన్ స్పష్టంగా కనిపిస్తుంది గాని పెళుసుగా ఉండుట వలన రంధ్రం చేసేటపుడు చిట్లుతుంది. డబ్బా ఆకారం జాతి స్వభావాన్ని బట్టి ఉండాలి.
* '''నేలపై నివసించేవి:''' డబ్బా వెడల్పుగా ఉండాలి. మట్టికి, మూతకు మధ్య ఎక్కువ ఖాళీ ఉంచరాదు. ఎత్తు నుండి పడితే మెత్తని ఉదరం పగిలి సాలీడు మరణించవచ్చు.
* '''బొరియలు త్రవ్వేవి:''' లోతైన మట్టి అవసరం.
* '''చెట్లపై నివసించేవి:''' డబ్బా పొడవుగా ఉండాలి. లోపల నిలువుగా ఒక బెరడు ముక్కను ఆనించాలి.

== రంధ్రాలు చేయు విధానం ==
రంధ్రం వ్యాసం పిల్ల శిరోవక్షం వెడల్పు కంటే తక్కువ ఉండాలి. ఉదరం మెత్తనిది కనుక, శిరోవక్షం పట్టిన సందులో నుండి మిగిలిన శరీరం కూడా జారిపోగలదు. అతి చిన్న పిల్లలకు సుమారు ఒక మిల్లీమీటరు, లేదా అంతకంటే సన్నని రంధ్రాలు చేస్తారు.

ఇందుకు వేడిచేసిన సూది, దబ్బనం, సోల్డరింగ్ ఐరన్ లేదా సన్నని డ్రిల్ ఉపయోగిస్తారు. ప్లాస్టిక్ కరిగేటపుడు వచ్చే పొగ హానికరం కనుక ఆరుబయట చేయుట మంచిది. లోపలి నుండి బయటకు పొడిస్తే పదునైన అంచులు వెలుపలి వైపే ఏర్పడతాయి. పని పూర్తయిన తరువాత డబ్బాను కడిగి ఆరబెట్టాలి.

మూతకు మాత్రమే రంధ్రాలు చేస్తే లోపలి గాలి సరిగా కదలదు. ఎదురెదురు గోడలకు, ఒకవైపు మట్టికి కొద్దిగా పైన, రెండవవైపు మూతకు దగ్గరగా రంధ్రాలు చేస్తే గాలి అడ్డంగా ప్రసరిస్తుంది. చెట్లపై నివసించే జాతులకు ఇది మరింత ముఖ్యం. లోహపు జాలీలో పెద్ద సాలీళ్ళ కాలిగోళ్ళు చిక్కుకునే ప్రమాదం ఉంది.

== లోపలి అమరిక, నిర్వహణ ==
రసాయనాలు కలపని కొబ్బరి పొట్టును తడిపి, పిండి, డబ్బాలో నింపుతారు. ఒక మూల మాత్రమే తడిగా ఉంచితే పిల్ల తనకు కావలసిన చోటును ఎంచుకుంటుంది. ఆహారంగా ఎగరలేని డ్రోసోఫిలా ఈగలను, కీచురాళ్ళ ముక్కలను ఇస్తారు. మిగిలిన ఆహారాన్ని మరునాడు తీసివేయాలి. కుబుసం విడిచే సమయంలో డబ్బాను కదిలించరాదు, బ్రతికిన కీటకాలను లోపల ఉంచరాదు. డబ్బాను ఎండలో ఉంచితే లోపలి వేడి త్వరగా ప్రాణాంతకమవుతుంది.

== ఆంధ్రప్రదేశ్ జాతి ==
పెంపకందారులలో ప్రసిద్ధమైన నీలిరంగు సాలీడు పోసిలోథీరియా మెటాలికా ఆంధ్రప్రదేశ్‌కు చెందినది. అనంతపురం జిల్లా గుత్తిలో దొరికిన నమూనా ఆధారంగా 1899లో పోకాక్ దీనిని వర్ణించాడు. 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో ఇది మళ్ళీ కనుగొనబడింది. 2008లో ఐయూసీఎన్ దీనిని తీవ్రంగా అంతరించే ప్రమాదమున్న జాతిగా గుర్తించింది. 2019లో ఈ ప్రజాతిని సైటీస్ రెండవ అనుబంధంలో చేర్చారు. ఇది చెట్టు తొర్రలలో నివసించును గనుక దీని పిల్లలకు పొడవైన డబ్బా వాడతారు. అడవి నుండి సాలీళ్ళను పట్టి తెచ్చుట ఈ జాతి మనుగడకే ముప్పు.