ఇర్ఖున్నసా: బాయి మజ్దూర్ల నడుం నొప్పి తారీఖ్

మన ఇళ్లల్లో "కమర్ పకడ్ లియా" అంటే నడుం ఒక్కటే పట్టేసిందని అర్థం. అదే దర్ద్ పిరుదు మీదుగా తొడ వెనక నుంచి దిగి పిక్కదాకా కరెంటు షాకులా లాగితే దాని పేరు వేరు. ఇర్ఖున్నసా. డాక్టర్లు సయాటికా అంటారు, ఆయుర్వేదంలో గృధ్రసి అంటారు. మా కొత్తగూడెం బాయి మజ్దూర్లు "నరం గుంజుతాంది" అని ఊరుకునేవాళ్లు.

పేరు సంగతి ముందు చెప్పాలి. అరబ్బీలో ఇర్ఖ్ అంటే రగ్. నసా అంటే తుంటి నుంచి పాదం వైపు దిగే రగ్. ఉర్దూలో రాసేటప్పుడు చివర ఒక హంజా చేర్చేస్తారు, దాంతో అది "ఇర్ఖున్నిసా" అయిపోతుంది. నిసా అంటే ఔరతులు కదా, ఇది ఆడవాళ్ల బీమారీ అనుకున్నవాళ్లు ఎందరో. షిఫ్టు దిగి కుంటుతూ వచ్చే మగాడు ఈ పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడేవాడంటే వజహ్ ఆ ఒక్క హంజానే.

ఇబ్నె సీనా 1025 ప్రాంతంలో పూర్తిచేసిన "అల్ ఖానూన్"లో ఈ దర్ద్ తుంటి దగ్గర మొదలై కాలి కిందికి దిగే తీరు ఉంది. ఖిల్త్ చేరి ఇలా అవుతుందని ఆ జమానా హకీముల నమ్మకం. అందుకే ఫస్ద్, హిజామా చేసేవారు. మొండి కేసులకు అల్ జహ్రావీ ఇనుము కాల్చి దాగ్ పెట్టమన్నాడు. 1764లో ఇటలీలోని నేపుల్స్‌లో కొతున్నో అనే వైద్యుడు ఇది కీలు నొప్పి కాదు, నరం నొప్పి అని వేరుచేసి రాశాడు. 1934లో బోస్టన్ సర్జన్లు మిక్స్టర్, బార్ అసలు ముజ్రిమ్‌ను పట్టుకున్నారు: వెన్నుపూసల మధ్య డిస్క్ జారి నరాన్ని నొక్కుతోంది.

ఆ 1934 నాటికి మన దగ్గర బొగ్గు తవ్వడం మొదలై 45 ఏళ్లు. ఇల్లందులో 1889లో తవ్వకం మొదలైంది. సింగరేణి కాలరీస్ పేరుతో కంపెనీ 1920లో ఏర్పడింది. 1945లో నిజాం సర్కార్ అందులో ఎక్కువ షేర్లు కొన్నది. చేతులు ఎన్ని మారినా ఫిల్లర్ పని మారలేదు. తట్టా చెమ్మస్ పట్టుకుని వంగాలి, బొగ్గు ఎత్తాలి, ఆ బరువుతోనే ఒంటిని పక్కకు తిప్పి టబ్బులో పోయాలి. వంగడం, ఎత్తడం, తిరగడం మూడూ ఒకేసారి! డిస్క్ మీద ఇంతకన్నా జుల్మ్ ఏముంటుంది? తర్వాత లోడర్ యంత్రాలొచ్చి ఎత్తే బరువు తగ్గించాయి. వాటిని నడిపేవాళ్లకు కుదుపులు మిగిలాయి, కుదుపూ నడుముకు దుష్మనే.

1952 మైన్స్ యాక్ట్ కింద నోటిఫై చేసిన జబ్బుల్లో సిలికోసిస్, న్యూమోకోనియోసిస్ ఉండేవి. నడుం నొప్పి ఉండేది కాదు. ఊపిరితిత్తుల్లో దుమ్ము ఎక్స్‌రేలో కనిపిస్తుంది. నడుం నొప్పి బాయిలో వచ్చిందా, ఇంట్లో బియ్యం బస్తా ఎత్తితే వచ్చిందా అంటే మజ్దూర్ ఏం సబూత్ చూపిస్తాడు? దాంతో ఇలాజ్ భారమంతా ఇంటి మీద, అంటే ఇంట్లో ఔరతుల చేతుల మీద పడింది.

మా అబ్బా ఫిల్లర్. అమ్మీ పెనం మీద ఉప్పు వేడిచేసి గుడ్డలో మూటకట్టి సేక్ పెట్టేది, రోగనే బాబూనా రాసేది. వేడికి బిగిసిన కండ వదులవుతుంది, దర్ద్ కొంత తగ్గుతుంది. జారిన డిస్క్ దాంతో వెనక్కి పోదు, ఆ మాట ఎవరన్నా నమ్మకండి. సూరింజాన్ విషయంలో మాత్రం జాగ్రత్త. హకీములు వాడేది షీరీన్ రకం, తల్ఖ్ రకం జహర్. బజారు పొట్లం కొని సొంతంగా మింగొద్దు.

నెలల తరబడి చెక్కబల్ల మీద పడుకోబెట్టే రివాజు కూడా ఉండేది. దాన్ని ఇక వదిలేయాలి. 1986లో అమెరికాలో నడుం నొప్పి వాళ్లకు రెండు రోజుల పడకను, ఏడు రోజుల పడకను పోల్చి చూశారు. ఏడు రోజులతో అదనపు ఫాయిదా కనిపించలేదు. 1999లో నెదర్లాండ్స్‌లో సయాటికా వాళ్ల మీదే చూశారు, పడకతో ప్రత్యేకంగా ఒరిగిందేమీ లేదు. కాబట్టి నొప్పి భరించగలిగినంత మేర నడవాలి, చిన్నచిన్న పనులు చేసుకోవాలి. పడుకున్నప్పుడు మోకాళ్ల కింద దిండు పెట్టుకుంటే చాలామందికి ఆరామ్‌గా ఉంటుంది. ఎక్కువమందికి కొన్ని వారాల్లో తగ్గుముఖం పడుతుంది.

ఇంటి ఇలాజ్‌కు లొంగని సూరత్ ఒకటుంది. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోయినా, మలం పట్టు తప్పినా, రెండు తొడల మధ్య తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా సేక్, తేల్ పక్కన పెట్టి ఆ రాత్రే హాస్పిటల్‌కు తీసుకెళ్లండి. ఫజర్ దాకా ఆగొద్దు.